కూడితే ఎనిమిది

కొండల్ రావుకు దేవుడు కళ్ళిచ్చింది అంకెలు చూడటానికే. మనుషుల్ని తీరిక దొరికితే చూసేవాడు. ఖమ్మం ఆర్టీవో ఆఫీసులో చేరిన నాటి నుంచి రిటైరయ్యేదాకా బండ్లకు నంబర్లు వేయడమే ఆయన ఉద్యోగం. బజార్లో ఎవరైనా ఎదురొచ్చి నమస్కారం పెడితే, ఆయన చూపు ముందు వాళ్ళ బండి నంబర్ ప్లేటు మీద పడేది. పెదవులు కదిలేవి. అంకెలు కూడి తొమ్మిది వస్తే మొహం విప్పారేది. అయిదో ఆరో వస్తే పరవాలేదనేవాడు. ఎనిమిది వచ్చిందా, ఇక ఆ బండివాడి పెళ్ళాం పిల్లల్ని తలుచుకుని "అయ్యో పాపం" అనుకుంటూ పోయేవాడు. ఎనిమిది శనిది కదా మరి.

ఈ పిచ్చి ఆయనొక్కడిదే అనుకునేరు. గ్రానైట్ కాంట్రాక్టర్ల నుంచి గుండె డాక్టర్లదాకా తొమ్మిది కోసం ఆయన బల్ల చుట్టూ ప్రదక్షిణలు చేసినవాళ్ళే. ఎనిమిది పడ్డవాడు మర్నాడు పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. కొండల్ రావు వాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అర్జీ తనే రాసిపెట్టేవాడు. "ది సెయిడ్ నంబర్ ఈజ్ నాట్ సూటబుల్ టు మీ. కైండ్లీ క్యాన్సిల్ ది సేమ్ అండ్ అలాట్ ఎ ఫ్రెష్ నంబర్." కామాలతో సహా ఆ వాక్యం ఆయన నాలుక మీద ఉండేది. కట్టాల్సింది కడితే నంబర్ మారేది, మనిషి నవ్వుకుంటూ వెళ్ళేవాడు. అర్జీ పెట్టుకుంటే మారని నంబర్ ఈ భూమ్మీద లేదని కొండల్ రావు గట్టి నమ్మకం. సర్వీసంతా ఆ నమ్మకం ఒక్కసారి కూడా తప్పలేదు, అదే వచ్చిన చిక్కు.

అలాంటి మనిషి 2012లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో, కూతురు విజయశ్రీ అపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు. ఊరు చూడ్డానికి రాలేదు. ఆ ఊళ్ళో చూడ్డానికేముంది? ఒక పెద్ద దుకాణాల కంపెనీ హెడ్డాఫీసు, దాని చుట్టూ దానికి సరుకు అమ్మేవాళ్ళ ఆఫీసులు, వాటి చుట్టూ కాంట్రాక్టు మీద వచ్చిన మన పిల్లలు. పాలు కావాలన్నా కారెక్కాలి. ఆయన వచ్చింది మనవరాలు నైనికను చూసుకోవడానికి. దానికి ఏడేళ్ళు. పొద్దున స్కూలు బస్సెక్కించాలి, సాయంత్రం దింపుకోవాలి, మధ్యలో దాని అమ్మకు ధైర్యం చెప్పాలి. భార్య నాగమణి ఉంటే ఈ పనులన్నీ ఆవిడ చేసేది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

ధైర్యం ఎందుకంటే, విజయశ్రీ ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొగుడు రవికాంత్‌తో పొసగక విడిపోయింది. అతను హైదరాబాద్ వెళ్ళిపోయి, ఊరుకోకుండా పిల్ల కోసం అక్కడి ఫ్యామిలీ కోర్టులో కేసు వేశాడు. విజయశ్రీ వెళ్ళలేకపోయింది. వెళ్ళలేదు కాబట్టి అతను చెప్పిందే కోర్టు విన్నది. పిల్ల ఇండియాలో అడుగుపెట్టిన రోజున తండ్రికి అప్పజెప్పాలని ఆర్డరు తెచ్చుకున్నాడు. అంటే ఇండియాకు పోతే పిల్ల పోతుంది. ఇక్కడే ఉందామా అంటే, ఆమె హెచ్ వన్ వీసాకు ఆరో ఏడు నడుస్తోంది. గ్రీన్ కార్డు కాగితాలు వేసిన కంపెనీ మూతపడింది. సెప్టెంబరు దాటితే ఉండటానికి వీల్లేదు. ఇలాంటి సమయంలో స్పెయిన్‌లో, వాలెన్సియా అనే ఊరి నుంచి ఒక గిడ్డంగుల సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. ఆ ఊరు ఎక్కడుందో కూడా విజయశ్రీ ముందు మ్యాప్‌లో వెతుక్కోవాల్సి వచ్చింది. పిల్ల తన దగ్గరుండాలంటే ఈ లోకంలో ఆమెకు మిగిలిన చోటు అదొక్కటే. ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో తెలుగువాళ్ళు అడిగితే టెక్సాస్ ట్రై చేస్తున్నానంది. మాట పొక్కితే రవికాంత్ చెవిన పడుతుందని భయం.

స్పెయిన్‌లో పరాయి దేశపు మనిషికి మొట్టమొదట ఒక నంబర్ ఉండాలట. జీతం పడాలన్నా, ఇల్లు అద్దెకు కావాలన్నా, పిల్లను బళ్ళో వేయాలన్నా అదే అడుగుతారట. దాన్ని హ్యూస్టన్‌లో వాళ్ళ కాన్సులేట్ ద్వారా ముందే తీసుకుని, ఆ తర్వాత వీసా ఫైలు పెట్టాలి. ఏప్రిల్‌లో ముగ్గురూ తెల్లవారుజామునే కారెక్కి, రోజంతా ప్రయాణం చేసి వెళ్ళారు. మర్నాడు కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి కాగితాలు తిరగేసి, మర్యాదగానే, "రెండో ఇంటిపేరు ఏది?" అనడిగింది. వాళ్ళకు తండ్రిదొకటి, తల్లిదొకటి రెండు ఇంటిపేర్లుంటాయట. విజయశ్రీ పాస్‌పోర్టులో ఇంకా రవికాంత్ ఇంటిపేరే ఉంది. "అదొక్కటే" అంది. కౌంటర్ అద్దం పక్కన నిలబడి వింటున్న కొండల్ రావు ఆ పాస్‌పోర్టు వైపే చూశాడు. విడిపోయినవాడి పేరు కూతురికంటే ముందే ఆ దేశం చేరుతోంది.

ఆదివారం ఆదివారం రవికాంత్ స్కైప్‌లో పిల్లతో మాట్లాడేవాడు. కాదనడానికి లేదు, కన్నతండ్రి. అరిచే రకం కాదు, అదే విజయశ్రీకి ఎక్కువ భయం. మే నెలలో ఒక ఆదివారం లాప్‌టాప్‌లో అతను నవ్వుతూ కనిపించాడు. ఫోన్ పట్టుకుని ఒక గది చూపిస్తున్నాడు.

"నైనీ, చూశావా? నానమ్మ పింక్ పెయింట్ వేయించింది. బెడ్ కూడా వచ్చేసింది."

"హూస్ రూమ్ ఈజ్ దట్, డాడీ?" అంది పిల్ల.

"నీదే తల్లీ. ఎప్పుడొచ్చినా నువ్వు దిగేది ఇక్కడే కదా."

వెనక సోఫాలో పేపర్ చదువుతున్నట్టు కూర్చున్న కొండల్ రావు ఆ గదిని చూశాడు. కిటికీకి కొత్త ఊచలు బిగించి ఉన్నాయి. హైదరాబాద్‌లో ఏ కిటికీకైనా ఊచలుంటాయి, కొత్తేమీ కాదు. అయినా ఆ రోజు ఆయనకు అన్నం సహించలేదు.

ఆ వారంలోనే కాన్సులేట్ నుంచి నంబర్లు వచ్చాయి. తల్లికొకటి, పిల్లకొకటి. విజయశ్రీ ఆఫీసులో ప్రింట్ తీసుకుని ఇంటికి తెచ్చి, చాన్నాళ్ళ తర్వాత గట్టిగా నవ్వింది. "సగం గండం గట్టెక్కింది నాన్నా!" అంటూ పిల్లకు ముద్దు పెట్టి స్నానానికి వెళ్ళింది. బల్ల మీద రెండు కాగితాలు. ముందొక అక్షరం, వెనకొక అక్షరం, మధ్యలో ఏడంకెలు. అక్షరాలు లెక్కలోకి రావు, ఆర్టీవో ఆఫీసులోనూ రావు. కొండల్ రావు పెదవులు కదిలాయి. పిల్లది తొమ్మిది. ఆహా అనుకున్నాడు. తల్లిది ఇరవై ఆరు. రెండూ ఆరూ ఎనిమిది.

తల్లి శని, పిల్ల కుజుడు. శనికీ కుజుడికీ ఒక్క ఇంట్లో పడదు. ఈ నంబర్లతో బయల్దేరితే ఇద్దరూ చెరో దారి పడతారు. పింక్ గది, ఊచలు కళ్ళ ముందు ఆడాయి. నాగమణిని ఆస్పత్రిలో చేర్చినప్పుడు మంచానికి పదిహేడో నంబర్ ఉంటే, మార్చమని అడగడానికి సిగ్గుపడి నోరు మూసుకున్నాడు. చదువుకున్న డాక్టర్లు నవ్వుతారని. ఈసారి ఎవరు నవ్వినా సరే అనుకున్నాడు.

భోజనాల దగ్గర మెల్లగా కదిపాడు. "విజ్జీ, నీ నంబర్ ఒకసారి చూస్కున్నవా?"

"చూశాను. ఏం?"

"మంచిగ లేదమ్మా. ఒక అర్జీ పెడితే..."

ఆమె చేతిలో ముద్ద ఆగింది. "నాన్నా, దండం పెడతా. ఆ నంబర్ల గోల ఇప్పుడొద్దు. ఇది నీ ఆర్టీవో ఆఫీస్ కాదు. వీసాకి అప్లై చేయాలి, అప్పటిదాకా దాన్ని ఎవరూ టచ్ చేయొద్దు. ప్లీజ్."

"సరే సరే, తిను" అన్నాడాయన. సరే అన్నాడు గానీ ఆ రోజు నుంచి ఆయన నోటికి రుచి లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఒక్క మాటతో పోతుందా? జూన్ ఆఖరున విజయశ్రీ మళ్ళీ హ్యూస్టన్ వెళ్ళి, ఆ నంబర్ల మీద ఇద్దరి వీసా ఫైళ్ళు ఇచ్చి వచ్చింది. ఏనుగు వెళ్ళింది, తోక మిగిలిందని ఆమె సంబరపడుతుంటే, ఈయన ఇంట్లో ఒక్కడే కూర్చుని కాగితం మీద ఆ ఏడంకెలే మళ్ళీ మళ్ళీ కూడేవాడు. కింద నుంచి కూడినా, మీద నుంచి కూడినా అదే. ఒకరోజు నైనిక పార్కులో పడి మోకాలు చీల్చుకుంది. ఇంకోరోజు విజయశ్రీ కారు దారిలో ఆగిపోయింది. ఏడేళ్ళ పిల్ల పడక ఏం చేస్తుంది, పాతకారు ఆగక ఏం చేస్తుంది? కానీ కొండల్ రావు దేన్నీ ఊరికే పోనివ్వలేదు. చూశావా, మొదలైంది అనుకున్నాడు.

జులైలో ఒక మధ్యాహ్నం, నెలకోసారి పరీక్షకు మోగించే టోర్నడో సైరన్ ఊరంతా వినబడేలా మోగింది. ఉత్తుత్తిదేనని తెలుసు. అయినా ఆయన కూర్చోలేకపోయాడు. కూతురి పాత కంప్యూటర్ హాల్లోనే ఉంటుంది. ఆయన రోజూ తెలుగు పేపరు చదివేది అందులోనే. ఆమె మెయిల్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కాన్సులేట్ వాళ్ళ పాత మెయిల్ వెతికి పట్టుకుని, దాని కిందే ఒక్కో అక్షరం నొక్కుతూ రాశాడు. "ది సెయిడ్ నంబర్ ఈజ్ నాట్ సూటబుల్ టు మీ. కైండ్లీ క్యాన్సిల్ ది సేమ్ అండ్ అలాట్ ఎ ఫ్రెష్ నంబర్." కింద కూతురి పేరు పెట్టాడు. ఎన్ని వందల మందికి రాసిపెట్టాడో, సొంత బిడ్డకు రాయడం ఇదే మొదలు.

వాళ్ళు పాపం జాగ్రత్తగల మనుషులే. మర్నాడే జవాబిచ్చారు. నంబర్ మార్చడం కుదరదు. మీరు మీ వీసా అప్లికేషన్ విత్‌డ్రా చేసుకోవాలనుకుంటున్నారా, అయితే రాతపూర్వకంగా ధ్రువీకరించండి అని. కొండల్ రావు ఆ మెయిల్ చదివి తలాడించాడు. ఆయనకు ఇలాంటివి కొత్తా? ఏ ఆఫీసైనా మొదట కుదరదనే అంటుంది, తనూ అనేవాడు. పాత అప్లికేషన్ వెనక్కి తీసుకుంటేనే గదా కొత్త నంబర్ వేసేది! ఖమ్మంలో పద్ధతి అదే. "యెస్, కన్ఫర్మ్‌డ్. కైండ్లీ డు ది నీడ్‌ఫుల్" అని కొట్టాడు. కొట్టి, ఆ ఉత్తరాలన్నీ చెరిపేశాడు. గొడవ ఎందుకు, మంచి నంబర్ వచ్చినప్పుడు కూతురే సంతోషిస్తుందని. ఆ సాయంత్రం కందిపప్పు పచ్చడి నూరి, ఇష్టంగా రెండుసార్లు వడ్డించుకున్నాడు.

వినాశకాలే విపరీత బుద్ధి అని ఊరికే అన్నారా!

ఆగస్టు సగమైంది. ఎవరి నుంచీ కబురు లేదు. విజయశ్రీ సోఫా అమ్మేసింది, డైనింగ్ టేబుల్ అమ్మేసింది. ముగ్గురూ నేల మీద కూర్చుని తింటున్నారు. నైనికకు అది పిక్నిక్‌లా ఉంది. "తాతా, స్పెయిన్‌లో కూడా ఇలా ఫ్లోర్ మీద తింతామా?" అంటూ ఎగిరేది. విజయశ్రీ మాత్రం రోజూ ఫోన్ చూసుకునేది, మెయిల్ చూసుకునేది, చెత్తబుట్టలో పడిందేమోనని స్పామ్ కూడా చూసుకునేది. కొండల్ రావు కూడా తన లెక్కలో తను ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ ఒకే ఉత్తరం కోసమే చూస్తున్నారని ఆమెకు తెలియదు.

ఒక మధ్యాహ్నం ఆమె కారు ఆఫీసు వేళలో ఇంటి ముందు ఆగింది. లోపలికి వచ్చి, చెప్పులు విప్పకుండా హాల్ మధ్యలో నిలబడింది. చిన్నప్పటి నుంచీ ఆమె చెప్పులతో ఇంట్లోకి రావడం ఆయన చూడలేదు.

"నాన్నా, నా మెయిల్‌లోంచి నువ్వేమైనా పంపావా?"

కొండల్ రావు మొహం వెలిగింది. అయ్యో, ఆ వెలుగు చూస్తే శత్రువుకైనా కడుపు తరుక్కుపోతుంది. "ఆ, అర్జీ పెట్టిన తల్లీ. నీకు చెప్తే వద్దంటవని చెప్పలే. వాళ్ళు గూడ ఒప్పుకున్నరు. వచ్చిందా కొత్తది? ఎంత వచ్చింది?"

ఆమె గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. "ఫోన్ చేశాను. మీరే విత్‌డ్రా చేసుకున్నారు కదా అన్నారు. మళ్ళీ మళ్ళీ అడిగాను. మీరే కన్ఫర్మ్ చేశారు అన్నారు." అప్పుడు చెప్పులు విప్పింది. "వీసా నాన్నా. నువ్వు క్యాన్సిల్ చేసింది వీసా."

"నంబర్ గదమ్మా..." అన్నాడు కొండల్ రావు.

మళ్ళీ హ్యూస్టన్‌కు కారు తీశారు. దారి పొడుగునా ఆయన "నేను చెప్తనమ్మా, నా తప్పేనని రాసిస్త" అంటూనే ఉన్నాడు. చెప్పాడు కూడా. కౌంటర్ అద్దం ముందు చేతులు జోడించి, తనకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పాడు. కౌంటర్‌లో అమ్మాయి అంతా విన్నది. ఆమె కళ్ళలో జాలి కూడా కనబడింది. కానీ మూసిన ఫైలు తెరవడం తన చేతిలో లేదంది. మళ్ళీ మొదటి నుంచి, ఆ కంపెనీ అక్కడ వర్క్ పర్మిట్‌కు అడగడం దగ్గర్నుంచి రావాలట. నెలలు పడుతుందట. విజయశ్రీ కాగితాలు సర్దుకుంటుంటే, ఓదార్పుగా ఇంకో మాట చెప్పింది. "మీ నంబర్‌కు మాత్రం ఏం కాలేదు. అది ఒకసారి ఇస్తే జీవితాంతం మీదే. మారదు, రద్దు కాదు."

కొండల్ రావు ఆ మాట విని కౌంటర్ అంచు పట్టుకున్నాడు. రద్దవ్వాల్సిన ఎనిమిది చెక్కుచెదరకుండా ఉంది.

వాలెన్సియా కంపెనీ వాళ్ళు విచారం తెలిపి, ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు. విజయశ్రీ తెలిసినవాళ్ళందరికీ రెజ్యూమే పంపింది, తూర్పు తీరంలో మోరిస్‌విల్ నుంచి హెర్న్‌డన్ దాకా కన్సల్టింగ్ కంపెనీలన్నిటినీ అడిగింది. ఆరేళ్ళు నిండిన హెచ్ వన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. లాయర్ వీసాను విజిటర్‌గా మార్చి కొంత కాలం సాగదీయొచ్చన్నాడు. కానీ ఉద్యోగం చేయకూడదు, జీతం లేకుండా పిల్లతో ఎలా సాగదీస్తుంది? అపార్ట్‌మెంట్ గడువు కూడా అయిపోయింది. హైదరాబాద్‌లో ఎవరో లాయర్ ఫోన్‌లో, వచ్చాక ఆ ఆర్డరు మీద స్టేకి వేద్దాం మేడమ్, చూద్దాం అన్నాడట. ఆ "చూద్దాం" అన్నవాడికి ఏం పోయింది!

వాళ్ళు తిరిగొస్తున్నారని రవికాంత్‌కు ఎలా తెలిసిందో తెలిసింది. ఆదివారం నవ్వుతూనే అడిగాడు, "ఫ్లైట్ ఏ రోజు? ఎయిర్‌పోర్ట్‌కి వస్తాం. పరంధామయ్య బాబాయ్ కూడా వస్తానన్నాడు." పరంధామయ్య పోలీసు శాఖలో పెద్దవాడు. విజయశ్రీ జవాబివ్వకుండా లాప్‌టాప్ మూసేసింది.

ఖాళీ హాల్లో, సూట్‌కేసు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆమె టికెట్లు బుక్ చేస్తోంది. నైనిక తాత ఒళ్ళో కూర్చుని ఉంది. "తాతా, స్పెయిన్ కాదా? డాడీ హౌస్‌కి వెల్తున్నామా?" అనడిగింది. కొండల్ రావు దాని తల నిమిరాడు. ఇన్నాళ్ళూ విజయశ్రీ ఆయన్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది, ఒక పళ్ళెం విసిరికొట్టినా బాగుండేది. ఆయనే ఉండబట్టలేక, "నన్నేమన్నా అనమ్మా" అన్నాడు. "ఆ ఎనిమిదిని చూసి నా మతి పోయింది. నువ్వు చూస్కోలేదు, నీకు తెల్వదు, నేనన్నా..."

"ఎందుకు చూసుకోలేదు నాన్నా?" అంది ఆమె. గొంతులో కోపం లేదు. "నీ కూతుర్ని కానా? వచ్చిన రోజే, ఆఫీసులో ప్రింటర్ దగ్గరే కూడి చూసుకున్నాను. నాది ఎనిమిది, దీనిది తొమ్మిది. శని, కుజుడు. చిన్నప్పటి నుంచీ నువ్వు నేర్పిందే కదా. రెస్ట్‌రూమ్‌లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని అనుకున్నాను, ఎనిమిదైతే ఎనిమిది, దీన్ని పట్టుకుని పోదామని. ఇంటికొచ్చి నవ్వాను."

పిల్ల ఆయన చొక్కా గుండీతో ఆడుకుంటోంది.

విజయశ్రీ లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. తెర నిండా విమానం సీట్లు, గడులు గడులుగా, గడి గడికీ ఒక నంబర్. "మూడు కలిపి లేవు నాన్నా. రెండు ఒక చోట, ఒకటి విడిగా ఉన్నాయి. ఏవి తీసుకోమంటావో నువ్వే చెప్పు."

ఆమె వేళాకోళానికి అడగలేదు, నిజంగానే అడిగింది. కొండల్ రావు తెర మీది నుంచి చూపు తిప్పేసుకున్నాడు.

"ఆ రెండూ మీకే తీసుకో తల్లీ" అన్నాడు. "శంషాబాద్ దాకానన్నా ఇద్దరూ పక్కపక్కన కూచోండి."

ఆమె రెండు గడులు నొక్కింది. వాటి మీద ఏ అంకెలున్నాయో ఆయన చూడలేదు.